ఓటీ లెక్కలకు ఉచిత సాయం: అమెరికా వేజ్ అండ్ అవర్ డివిజన్ సేవలు చిన్న యజమానికి ఎంతవరకు పనికొస్తాయి?

అమెరికాలో రెస్టారెంటో, గ్రోసరీ స్టోరో, గ్యాస్ స్టేషనో, మోటెలో, చిన్న ఐటీ కన్సల్టెన్సీయో నడిపే తెలుగువాళ్లకు జీతాల విషయంలో మొదటి సలహా ఎక్కువగా ఇంకో ఓనరు దగ్గర్నుంచే వస్తుంది. "శాలరీ మీద పెట్టేస్తే ఓటీ గొడవ ఉండదు." "1099 (కాంట్రాక్టర్లకిచ్చే పన్ను ఫారం) ఇచ్చేయండి, చాలు." "రెండు వారాలకు కలిపి 80 గంటలు దాటకపోతే ఏమీ కాదు." మూడూ తప్పే. ఓటీ అంటే ఓవర్‌టైమ్, వారంలో 40 గంటలు దాటిన పనికి ఒకటిన్నర రేటు చొప్పున ఇవ్వాల్సిన జీతం. పైగా ఈ తప్పుల ఖరీదు ఎక్కువ. ఎగ్గొట్టిన జీతం కట్టాలి, దానికి సమానంగా ఇంకో మొత్తం నష్టపరిహారంగా కట్టాలి, కేసు కోర్టుకెళ్లి ఓడితే అవతలి లాయరు ఫీజు కూడా మీదే. రెండేళ్లు వెనక్కి వెళ్లి లెక్క కడతారు. తెలిసే చేశారని తేలితే మూడేళ్లు.

సరైన సలహా ఉచితంగా దొరికే చోటు ఒకటుంది. 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్‌ను అమలు చేసే కార్మిక శాఖ విభాగం, వేజ్ అండ్ అవర్ డివిజన్. దాడులకొచ్చే ఆఫీసుగానే చాలామందికి తెలుసు గానీ, యజమానుల కోసం ఇది పెట్టిన సరంజామా పెద్దదే. విషయాలవారీగా రాసిన ఫ్యాక్ట్ షీట్లు, ఈలాస్ పేరుతో ఆన్‌లైన్ అడ్వైజర్లు, ఫోన్ హెల్ప్‌లైన్, ఉచిత పోస్టర్లు, తప్పు జరిగిపోయాక సరిదిద్దుకునే ప్రోగ్రాం. డబ్బు పెట్టి పేరోల్ సాఫ్ట్‌వేర్ కొనేముందు వీటిని చూడటం మంచిదా అంటే, తప్పకుండా మంచిదే. అయితే ఏది ఎంతవరకు నమ్మాలో తెలిసి వాడాలి.

ఓవర్‌టైమ్ కాలిక్యులేటర్‌తో మొదలుపెడదాం. అందరూ ముందు వెతికేది దాన్నే. గంట రేటు, పనిచేసిన గంటలు, బోనస్, షిఫ్ట్ డిఫరెన్షియల్ (రాత్రి షిఫ్టు లాంటివాటికి ఇచ్చే అదనపు రేటు) లాంటివి అడిగి, ఆ పే పీరియడ్‌కు, అంటే ఒక చెక్కు లెక్కలోకొచ్చే రోజులకు, ఎంత ఇవ్వాలో చూపిస్తుంది. ఏ వారం లెక్క ఆ వారానికే కట్టడం దీని అసలు బలం. చట్టం దృష్టిలో వర్క్‌వీక్ అంటే వరసగా 168 గంటలు. ఆదివారం మొదలవ్వాలని లేదు, బుధవారం మధ్యాహ్నం మొదలైనా ఫరవాలేదు. కానీ ఒకసారి పెట్టుకున్నాక ఓటీ తప్పించుకోవడానికి వారం వారం జరపకూడదు. రెండు వారాల్ని కలిపి సగటు తీయకూడదు.

ఉదాహరణకు గంటకు 15 డాలర్ల మనిషి మొదటి వారం 46 గంటలు, రెండో వారం 34 గంటలు చేశాడనుకోండి. మొత్తం 80 గంటలే కదా అని 1,200 డాలర్ల చెక్కు రాసేవాళ్లు చాలామంది. సరైన లెక్కలో మొదటి వారం 40 గంటలకు 600, మిగతా ఆరు గంటలకు 22.50 చొప్పున 135, మొత్తం 735. రెండో వారం 510. కలిపితే 1,245. తేడా 45 డాలర్లే. కానీ ఇలాంటి పే పీరియడ్లు ఏడాదికి 26, మనుషులు పది మంది, వెనక్కి చూసేది రెండేళ్లు, దాని మీద రెట్టింపు. "వచ్చే వారం ఆరు గంటలు ముందే పంపించేస్తాలే" అని సర్దుకోవడం కూడా కుదరదు. ఓటీకి బదులు సెలవిచ్చే పద్ధతి ప్రభుత్వ సంస్థలకుంది, ప్రైవేటు యజమానికి లేదు. పనివాడు ఒప్పుకుని సంతకం పెట్టినా చెల్లదు, ఎందుకంటే ఈ హక్కు వదులుకునే అధికారం చట్టం అతనికి ఇవ్వలేదు.

బోనస్ దగ్గర కాలిక్యులేటర్ ఇంకా పనికొస్తుంది. ఓటీని గంట రేటు మీద కాదు, రెగ్యులర్ రేట్ మీద కట్టాలి. ఆ వారంలో చేసిన పనికి వచ్చిన మొత్తాన్ని చేసిన గంటలతో భాగిస్తే వచ్చేది రెగ్యులర్ రేట్. గంటకు 16 డాలర్ల మనిషి 50 గంటలు చేశాడు, ఆ వారం ఒక్కరోజూ మానకుండా వచ్చినందుకు ముందే చెప్పిన 100 డాలర్ల బోనస్ వచ్చింది. 50 గంటలకు 800, బోనస్‌తో 900, భాగిస్తే గంటకు 18. ఆ పది ఓటీ గంటలకు మామూలు రేటు 900 లో ఇప్పటికే ఉంది కాబట్టి ఇంకా ఇవ్వాల్సింది అందులో సగం, అంటే 9 చొప్పున 90. ఇవ్వాల్సింది 990. బోనస్‌ను పక్కనపెట్టి లెక్క కట్టేవాళ్లు 980 ఇస్తారు. అటెండెన్స్, సేల్స్ టార్గెట్, పనిలో చేరినప్పుడు చెప్పిన ప్రోత్సాహకం, ఇవన్నీ రెగ్యులర్ రేట్‌లోకి వస్తాయి. గంటలతో గానీ ఉత్పత్తితో గానీ సంబంధం లేకుండా పండక్కి ఇచ్చే కానుక, సెలవు రోజు జీతం రావు. ఈ తేడా ఫ్యాక్ట్ షీట్ 56ఏ లో వివరంగా ఉంది. కాలిక్యులేటర్ తెరవకముందే అది చదవాలి, ఎందుకంటే మీరు చేర్చని బోనస్‌ను అది ఊహించుకోలేదు.

ఈ సేవల గురించి నిజాయితీగా చెప్పాల్సిన మాట ఇదే. లెక్క తప్పేది గుణకారం దగ్గర కాదు. ఏ గంటలు, ఏ మొత్తాలు, ఏ మనిషి లెక్కలోకి వస్తారన్న నిర్ణయం దగ్గరే తప్పుతుంది. మీరిచ్చిన అంకెలు సరైనవని, ఆ మనిషికి చట్టం వర్తిస్తుందని, అతను ఓటీకి అర్హుడని ముందే అనుకుని కాలిక్యులేటర్ పనిచేస్తుంది. కాబట్టి ఈ సైటులో అసలు విలువైనవి ఫ్యాక్ట్ షీట్లు. ఒక్కోటీ కొద్ది పేజీలే, ఇంగ్లీషు కూడా సూటిగా ఉంటుంది. చాలావాటి చివర్లో సాధారణంగా జరిగే తప్పుల భాగం ఒకటుంటుంది. వ్యవధి లేనివాళ్లు ముందు అదొక్కటీ చదివినా సగం పనైనట్టే, ఎందుకంటే తనిఖీకొచ్చిన మనిషి వెతికేవీ దాదాపు అవే.

లోపం ఏమిటంటే, ఏ వరసలో చదవాలో సైటు చెప్పదు. నంబర్లు కూడా దారి చూపవు. కొత్త యజమానికి పనికొచ్చే వరస 14, 22, 23, 56ఏ, 17ఏ, 21. రెస్టారెంటైతే వీటితోపాటు 2, 15, 16.

పద్నాలుగోది మీకు చట్టం వర్తిస్తుందా అని చెప్తుంది. ఏటా 5 లక్షల డాలర్ల వ్యాపారం దాటితే సంస్థ మొత్తం చట్టం కిందికి వస్తుంది. అంతకు తక్కువైతే తప్పించుకున్నట్టే అనుకుంటారు గానీ, వేరే రాష్ట్రాలతో ముడిపడ్డ పని చేసే ఉద్యోగి వ్యక్తిగతంగా చట్టం పరిధిలోకి వస్తాడు. క్రెడిట్ కార్డు గీకడం, వేరే రాష్ట్రం సరఫరాదారుకు ఫోన్ చేసి ఆర్డరు పెట్టడం, బయటి నుంచొచ్చిన సరుకు దింపుకోవడం కూడా అందులోకి రావచ్చు. ఈ రోజుల్లో కౌంటరు దగ్గర నిలబడే ఏ మనిషీ దీనికి బయట ఉండటం కష్టం. యజమాని, భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు మాత్రమే పనిచేసే దుకాణానికి వేరే వెసులుబాటు ఉంది. బయటి మనిషి ఒక్కరు రెగ్యులర్‌గా పనిచేస్తే అది పోతుంది.

ఇరవై రెండోది పని గంటలంటే ఏమిటో చెప్తుంది. అన్నిటికన్నా ఎక్కువసార్లు చదవాల్సింది ఇదే. పని చేయమన్నా, చేస్తుంటే చూస్తూ ఊరుకున్నా, రెండూ పనే. పది గంటలకు షాపు తెరవాలంటే తొమ్మిదిన్నరకే వచ్చి లైట్లు వేసి, చట్నీలు తీసిపెట్టిన అరగంటకు జీతం ఇవ్వాలి. మూసేశాక తుడిచి, క్యాష్ లెక్కపెట్టిన సమయానికీ ఇవ్వాలి. "నా అనుమతి లేకుండా ఓటీ చేయొద్దు" అని గోడ మీద రాసిపెట్టినా, చేసిన ఓటీకి డబ్బివ్వాల్సిందే. నిబంధన మీరినందుకు మందలించొచ్చు, క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు. జీతం మాత్రం ఆపకూడదు.

విరామాల లెక్కలో తప్పులు మరీ ఎక్కువ. 5 నుంచి 20 నిమిషాల చిన్న బ్రేకు పని సమయమే. భోజనానికి మామూలుగా 30 నిమిషాలు, ఆ సమయంలో మనిషిని పని నుంచి పూర్తిగా వదిలేస్తేనే జీతం లేకుండా తీసేయొచ్చు. తింటూ ఫోన్ ఎత్తినా, తింటూ రిజిస్టరు చూసుకున్నా అది పనే. చాలా పేరోల్ సాఫ్ట్‌వేర్లలో రోజుకు అరగంట తనంతట తనే తీసేసే సెట్టింగ్ ఉంటుంది. ఒక్కడే ఉండే గ్యాస్ స్టేషన్ రాత్రి షిఫ్టుకు ఆ సెట్టింగ్ పెట్టారంటే రోజూ ఒక తప్పు జరుగుతున్నట్టే. టైమ్ క్లాక్ పావుగంటకు సవరించడం ఒప్పే, కానీ రెండువైపులా సవరించాలి. ఏడు నిమిషాల దాకా కిందికి దించితే, ఎనిమిది నుంచి పైకి పెంచాలి. ఎప్పుడూ యజమాని వైపే మొగ్గే సవరణ చెల్లదు.

రెండు చోట్ల పని చేయించే ఓనర్లు ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. ఒకే వంటమనిషి మీ ఒక బ్రాంచిలో 25 గంటలు, ఇంకో బ్రాంచిలో 25 గంటలు చేస్తే అది 50 గంటలు, అందులో పది ఓటీ. రెండు బ్రాంచిలకూ వేర్వేరు ఎల్ఎల్‌సీలు పెట్టి రెండు చెక్కులిచ్చినా, యాజమాన్యం ఒకటై, మనుషుల్ని అటూ ఇటూ పంపుతుంటే గంటలు కలిపే చూస్తారు. ఒకే మనిషికి రెండు రేట్లున్నా ఇలాగే కలిపి కట్టాలి. వంటగదిలో 18 డాలర్ల చొప్పున 30 గంటలు, డెలివరీకి 14 చొప్పున 20 గంటలు చేస్తే 540, 280 కలిపి 820. 50 తో భాగిస్తే 16.40. అందులో సగం 8.20, పది గంటలకు 82. మొత్తం 902. ఓటీ గంటలు డెలివరీలోనే వచ్చాయి కాబట్టి 14 మీద సగం ఇస్తే చాలనుకోవడం మామూలుగా జరిగే తప్పు. ఓటీ మొదలైన గంటల్లో చేస్తున్న పని రేటు మీదే కట్టే పద్ధతి కూడా ఒకటుంది గానీ, పని మొదలెట్టకముందే ఉద్యోగితో ఆ ఒప్పందం ఉండాలి, ఇతర షరతులూ తీరాలి.

17ఏ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే "శాలరీ మీద పెట్టేస్తే చాలు" అన్న భ్రమ పోయేది అక్కడే. ఓటీ ఇవ్వక్కర్లేని ఎగ్జెంప్ట్ ఉద్యోగి అనాలంటే మూడు పరీక్షలూ నెగ్గాలి. గంటలతో సంబంధం లేకుండా తగ్గని వారం జీతం ఉండాలి. అది కనీసం వారానికి 684 డాలర్లు, అంటే ఏడాదికి 35,568 ఉండాలి. పైగా చేసే పని మేనేజర్ లాంటి ఎగ్జెంప్ట్ వర్గానికి తగినదై ఉండాలి. ఈ 684 అంకె దగ్గర నెట్‌లో చాలా గందరగోళం ఉంది. 2024లో వచ్చిన నియమం జూలై 1 నుంచి దాన్ని 844 చేసింది, 2025 జనవరి 1 నుంచి 1,128 చేయాలనుకుంది. 2024 నవంబర్ 15న టెక్సాస్ ఫెడరల్ కోర్టు ఆ నియమాన్ని దేశమంతటా కొట్టేసింది. మళ్లీ 684 అమల్లోకి వచ్చింది. పాత వ్యాసాలు ఇంకా 844, 1,128 అని చూపిస్తూనే ఉన్నాయి. ఈ విషయంలో సర్కారు సైటు మెచ్చుకోదగ్గది, కోర్టు తీర్పు సంగతి ఆ పేజీల్లో స్పష్టంగా పెట్టింది.

జీతం సరిపోయినా పని సరిపోకపోతే లాభం లేదు. మేనేజర్ కింద ఎగ్జెంప్ట్ అనాలంటే నిర్వహణే అతని ముఖ్యమైన పని కావాలి, కనీసం ఇద్దరు ఫుల్‌టైమ్ ఉద్యోగుల్ని నడిపించాలి, పెట్టుకోవడంలో తీసేయడంలో అతని మాటకు విలువుండాలి. రోజంతా దోసెలు వేసే మనిషికి కిచెన్ మేనేజర్ అని కార్డు కొట్టిచ్చినంత మాత్రాన ఓటీ పోదు. అతన్ని వారానికి 700 డాలర్లకు, 40 గంటల పనికని పెట్టుకుంటే రెగ్యులర్ రేట్ 17.50. 50 గంటలు చేయిస్తే పది గంటలకు 26.25 చొప్పున 262.50 పైన ఇవ్వాలి.

ఐటీ కంపెనీలకు వేరే దారి ఉంది. సిస్టమ్స్ అనలిస్ట్, ప్రోగ్రామర్, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ తరహా పని చేసేవాళ్లను గంటకు 27.63 డాలర్లు తగ్గకుండా ఇస్తే గంటల మీద కూడా ఎగ్జెంప్ట్‌గా ఉంచొచ్చు. అయితే మామూలు హెల్ప్‌డెస్క్ మనిషి, ప్రింటర్లు బిగించే మనిషి కంప్యూటర్ ముందు కూర్చున్నంత మాత్రాన ఇందులోకి రారు. హెచ్-1బి వాళ్ల జీతం నియమాలు పూర్తిగా వేరు, అవి 62 నంబరు వరసలో ఉన్నాయి. ప్రాజెక్టు లేదని కూర్చోబెట్టిన రోజులకూ జీతం ఇవ్వాలన్న నియమం అక్కడే దొరుకుతుంది.

పార్ట్‌నర్ల విషయం తక్కువమందికి తెలుసు. వ్యాపారంలో నిజంగా 20 శాతం వాటా ఉండి, నిర్వహణలో చురుగ్గా పాల్గొనే పార్ట్‌నర్‌కు ఆ 684 జీతం షరతు వర్తించదు. నలుగురు స్నేహితులు కలిసి పెట్టిన హోటల్లో ఇది పనికొచ్చే సంగతి. పదిశాతం వాటాతో వంటగదిలో పనిచేసే పార్ట్‌నర్‌కు మాత్రం ఇది వర్తించదు.

1099 మాట కూడా ఇక్కడే తేల్చేద్దాం. కాంట్రాక్టరా, ఉద్యోగా అన్నది మీరిచ్చే ఫారం తేల్చదు, పని తీరు తేలుస్తుంది. దీని మీద 2024లో ఒక నియమం వచ్చింది. 2025 మే నుంచి తమ దర్యాప్తుల్లో దాన్ని వాడటం లేదని డివిజన్ ప్రకటించింది. పాత ఫ్యాక్ట్ షీట్ 13 లోని సూత్రాలనే చూస్తోంది. అయినా ఉద్యోగులు వేసే ప్రైవేటు కేసులకు ఆ ప్రకటన అడ్డు కాదు. ఏ నియమం కింద చూసినా మీరు చెప్పిన వేళకొచ్చి, మీ గిన్నెలు కడిగి, మీరిచ్చిన రేటుకు పనిచేసే మనిషి ఉద్యోగే.

టిప్పుల మీద ఫ్యాక్ట్ షీట్ 15 ఈ సైటులో బాగా రాసిన వాటిలో ఒకటి. ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, 2009 జూలై 24 నుంచి మారలేదు. నెలకు 30 డాలర్లకు మించి టిప్పులొచ్చే మనిషికి 2.13 ఇచ్చి, మిగతా 5.12 టిప్పుల నుంచి లెక్కేసుకోవచ్చు, దీన్నే టిప్ క్రెడిట్ అంటారు. దానికి షరతులున్నాయి. ఈ సంగతి ముందుగానే ఉద్యోగికి చెప్పాలి, లేకపోతే ఆ వెసులుబాటే పోయి ప్రతి గంటకూ పూర్తి 7.25 కట్టాలి. టిప్పులు కలిపినా 7.25 చేరని వారం మిగతాది మీరు వేయాలి. ఓటీ గంటల్లో 2.13 కు ఒకటిన్నర కడితే తప్పు. 7.25 కు ఒకటిన్నర 10.88, అందులోంచి 5.12 తీసేస్తే 5.76. ఓటీ గంటకు చెక్కులో ఉండాల్సింది అది. 3.20 ఇస్తున్న రెస్టారెంట్లు ఈ ఒక్క లెక్కతోనే పట్టుబడతాయి.

ఓనరు గానీ, మేనేజర్ గానీ, సూపర్‌వైజర్ గానీ సిబ్బంది టిప్పుల్లోంచి పైసా తీసుకోకూడదు, 2018 నుంచి ఇది చట్టంలోనే ఉంది. మేనేజరు తానొక్కడే స్వయంగా వడ్డించినందుకు నేరుగా తనకొచ్చిన టిప్పు ఉంచుకోవచ్చు, అంతే. వంటవాళ్లకు కూడా టిప్పుల్లో వాటా ఇవ్వాలనుకుంటే టిప్ క్రెడిట్ వాడకుండా అందరికీ పూర్తి కనీస వేతనం ఇవ్వాలి. టిప్ క్రెడిట్ మీద ఉన్న సర్వర్ జీతంలోంచి పగిలిన ప్లేటు, బిల్లు కట్టకుండా వెళ్లిపోయిన టేబులు డబ్బు కోయడానికి లేదు, ఎందుకంటే అతను అప్పటికే కనీస వేతనం దగ్గరే ఉన్నాడు. ఎక్కువ జీతం ఉన్నవాళ్లకు హద్దు ఫ్యాక్ట్ షీట్ 16 చెప్తుంది. గంటకు 10 డాలర్ల మనిషి 30 గంటలు చేస్తే 300 వస్తాయి. 7.25 చొప్పున 217.50 మిగలాలి కాబట్టి యూనిఫాం లాంటివాటికి ఆ వారం కోయగలిగేది 82.50 మాత్రమే. ఓటీ డబ్బులోకి ఈ కోత రాకూడదు. రాష్ట్ర చట్టం అసలు కోతే వద్దనొచ్చు.

రికార్డుల మీద 21 చిన్నది, చదవడం తేలిక. 14 రకాల వివరాలు ఉంచాలి. ముఖ్యమైనవి రోజువారీ గంటలు, వారం మొత్తం, రెగ్యులర్ రేట్, మామూలు జీతం, ఓటీ విడివిడిగా. పేరోల్ మూడేళ్లు, టైమ్ కార్డులు రెండేళ్లు దాచాలి. టైమ్ క్లాకే కావాలని లేదు, నోటుపుస్తకం చాలు, కానీ అది పూర్తిగా, సరిగ్గా ఉండాలి. రికార్డులు లేకపోతే యజమానికే నష్టమని సుప్రీంకోర్టు 1946లోనే మౌంట్ క్లెమెన్స్ కేసులో చెప్పేసింది. ఉద్యోగి గుర్తున్నంతవరకు న్యాయంగా అంచనా చెప్తే, దాన్ని కాదని నిరూపించాల్సిన భారం మీ మీద పడుతుంది.

2025 నుంచి ఓటీని విడిగా చూపడానికి ఇంకో కారణం కూడా తోడైంది. 2025 నుంచి 2028 దాకా ఓటీలో అదనపు సగం భాగాన్ని ఉద్యోగి తన ఆదాయపు పన్ను లెక్కలో తగ్గించుకోవచ్చు. ఏడాదికి 12,500 డాలర్ల దాకా, భార్యాభర్తలు కలిపి ఫైల్ చేస్తే 25,000 దాకా. ఆదాయం ఎక్కువైతే ఇది తగ్గుతుంది. 2026 జీతాల నుంచి డబ్ల్యూ-2 లో, అంటే ఉద్యోగికి ఏటా ఇచ్చే జీతం, పన్ను ఫారంలో, ఆ మొత్తాన్ని వేరుగా చూపాలి. ఇది ఫెడరల్ చట్టం ప్రకారం తప్పనిసరైన ఓటీకే వర్తిస్తుంది, రాష్ట్ర చట్టం వల్ల మాత్రమే వచ్చిన ఓటీకి కాదు.

ఇక్కడే ఈ సేవల అతి పెద్ద పరిమితి బయటపడుతుంది. ఫ్యాక్ట్ షీట్లు, కాలిక్యులేటర్ అన్నీ ఫెడరల్ లెక్కలే. రెండు చట్టాల్లో ఉద్యోగికి ఏది ఎక్కువ మేలైతే అది ఇవ్వాలి. టెక్సాస్‌లో ఉన్న ఓనరుకు ఈ సైటు దాదాపు సరిపోతుంది, అక్కడ కనీస వేతనం ఫెడరల్‌దే. జార్జియా సొంత చట్టంలో 5.15 అని ఉన్నా ఫెడరల్ చట్టం కిందికొచ్చే యజమాని 7.25 ఇవ్వాలి. కాలిఫోర్నియాలో ఈ కాలిక్యులేటర్‌ను నమ్ముకుంటే మునిగిపోతారు. అక్కడ రోజుకు 8 గంటలు దాటితే ఒకటిన్నర, 12 దాటితే రెట్టింపు, టిప్ క్రెడిట్ అసలు లేదు. రోజుకు పది గంటల చొప్పున నాలుగు రోజులు చేసిన మనిషికి ఫెడరల్ లెక్కలో ఓటీ సున్నా. కాలిఫోర్నియాలో పద్ధతి ప్రకారం ఆమోదించుకున్న ప్రత్యేక షెడ్యూల్ లేకపోతే 8 గంటల ఓటీ. రాష్ట్రాలవారీ కనీస వేతనాల పట్టిక సైటులో ఉంది, బాగుంది. కానీ నగరాలు పెట్టుకున్న రేట్ల కోసం ఆ నగరం పేజీ చూడాల్సిందే. పే స్టబ్ (జీతం వివరాల చీటీ) ఇవ్వడం, భోజన విరామం తప్పనిసరి చేయడం, మానేసినవాళ్లకు చివరి చెక్కు వెంటనే ఇవ్వడం, ఇవేవీ ఫెడరల్ చట్టంలో లేవు. చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. ప్రతి ఫ్యాక్ట్ షీట్ పక్కనా మీ రాష్ట్ర కార్మిక శాఖ పేజీ తెరిచి పెట్టుకోండి.

హెల్ప్‌లైన్ నంబరు 1-866-487-9243. యజమానులు కూడా నిరభ్యంతరంగా చేయొచ్చు. 200 పైగా భాషల్లో సాయం అందిస్తామని డివిజన్ చెప్తుంది కాబట్టి ఇంగ్లీషు ఇబ్బందైతే దుబాసీని అడగండి. ప్రశ్న ఎంత కచ్చితంగా ఉంటే జవాబు అంత పనికొస్తుంది. "ఓటీ ఎలా?" అనడం కన్నా "వారానికి 600 శాలరీ, 48 గంటలు, వంటమనిషి" అని అంకెలతో అడగాలి. ఒక హెచ్చరిక. ఫోన్లో విన్న మాట కోర్టులో మిమ్మల్ని కాపాడదు. డివిజన్ అడ్మినిస్ట్రేటర్ రాతపూర్వకంగా ఇచ్చిన ఒపీనియన్ లెటర్ లాంటిదాన్ని నమ్మి, దాని ప్రకారమే నడిచినవాళ్లకే చట్టం రక్షణ ఇస్తుంది. ఆ లెటర్లు సైటులో ఉన్నాయి. భాష కాస్త బరువు, కానీ మీ పరిస్థితికి సరిపోయేది దొరికితే ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి.

పోస్టర్ సంగతి చిన్నదే అయినా డబ్బు పోయేది అక్కడే. ఉద్యోగుల హక్కుల పోస్టర్ అందరికీ కనిపించే చోట పెట్టాలి, సైటు నుంచి ఉచితంగా దింపుకోవచ్చు. వెంటనే డబ్బు కట్టి పోస్టర్ కొనకపోతే జరిమానా అంటూ సర్కారు కాయితంలా కనిపించే ఉత్తరాలు కొత్త వ్యాపారాలకు వస్తుంటాయి. అవి ప్రైవేటు కంపెనీలవి.

ఇవన్నీ చదివాక పాత తప్పులు కనపడితే పెయిడ్ అనే ప్రోగ్రాం ఉంది. 2018లో మొదలై, 2021లో ఆగి, 2025 జూలైలో మళ్లీ తెరిచారు. మీ రికార్డులు మీరే తనిఖీ చేసుకుని, ఎవరికి ఎంత బాకీయో లెక్కేసి డివిజన్‌కు చెప్తే, వాళ్లు చూసి తేల్చిన మొత్తాన్ని ఉద్యోగులకు పూర్తిగా కట్టాలి. ఆ రెట్టింపు నష్టపరిహారం, జరిమానా అడగరు. అప్పటికే దర్యాప్తులో ఉన్నా, కేసు పడినా ఇందులో చేరలేరు. చెక్కు తీసుకోవాలా వద్దా అన్నది ఉద్యోగి ఇష్టం, బలవంతపెట్టకూడదు, అడిగినందుకో తీసుకోనందుకో వేధించకూడదు. రాష్ట్ర చట్టం కింద ఉన్న బాకీ దీనితో తీరదు. కాబట్టి కాలిఫోర్నియా, న్యూజెర్సీ లాంటి చోట్ల ఉన్నవాళ్లు ఫారం నింపకముందు ఒక ఉద్యోగ చట్టాల లాయరుకు గంట ఫీజు ఇచ్చి చూపించుకోవాలి. ఈ ఉచిత సేవల్లో లాయరు ఖర్చు తప్పించుకోకూడని చోటు ఇదొక్కటే.